చప్పుడు చెయ్యని ఫ్యాను

నరసరావుపేట, బరంపేట
3 ఏప్రిల్ 2025

ఏమే ధరణీ,

ఇక్కడ మేం క్షేమమని రాస్తే అబద్ధం. అక్కడ నువ్వు క్షేమమని అడక్కుండానే తెలుసు, నీకూ నీ ఆడబిడ్డకూ మధ్య వంద కిలోమీటర్ల దూరం ఉంది కదా.

ఈ కాలంలో ఉత్తరమేంది, వదిన ఫోను పోగొట్టుకుందా అని నవ్వుతుంటావు. ఫోను ఉంది, పోయింది నా గొంతు. గొంతులో రెండు బొడిపెలు లేచాయట. డాక్టరు లైటు వేసి చూసి, "నలభై రోజులు మౌనంగా ఉండాలమ్మా. రోజుకి పావుగంట మాట్లాడొచ్చు, అదీ పనికి మాత్రమే" అన్నాడు. ఆ మాట విని మీ అన్నయ్య డాక్టరు రెండు చేతులూ పట్టుకుని చానాసేపు వదల్లేదు.

ఫోనులో టైపు చెయ్యమంటావేమో. నేను తిట్టు మొదలుపెట్టేలోపే అది మర్యాదైన మాట ఏదో అందిస్తుంది, కోపమంతా చల్లారిపోతుంది. నువ్వు కూడా వాయిస్ మెసేజీలు పంపొద్దు. నీ గొంతు వింటే బదులు చెప్పకుండా ఉండటం నావల్ల కాదు. కాగితం మీద రాసి సాగర్ బస్సు కండక్టరు ఖాసిం చేతికివ్వు. మీ బస్టాండులోనే కదా నీ కంప్యూటర్ రిపేరు కొట్టు.

ఇక అసలు సంగతి. పంతొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో తిరిగే మైకు ఆటోల్లో సగం మాట్లాడేది నా గొంతుతోనే. చీరల సేలు నేనే, కంటి వైద్య శిబిరం నేనే, తప్పిపోయిన గేదె కూడా నేనే. ఇంటి వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని రికార్డు చేస్తాను, మీ అన్నయ్య ఆటోలో వేసుకుని వీధులు తిరుగుతాడు. అయితే ఏడాదిగా ఆ కంప్యూటర్ డబ్బాలో ఫ్యాను ఈల వేస్తోంది. దాన్ని మించి వినపడాలని నేను అరిచాను. అట్లా అరిచీ అరిచీ వచ్చినవే ఈ బొడిపెలు. ఇప్పుడు అరవడానికి లేదు, మెల్లిగా చెబితే నా మాట కింద ఆ ఈల వినపడుతోంది.

పబ్లిసిటీ ఆఫీసు త్రికోటేశ్వరరావు మొన్న పిలిపించాడు. అక్షయ తృతీయకి, అంటే ముప్పయ్యో తేదీన, వీరరాఘవమ్మ వస్త్రాలయం ప్రారంభం. "ఈ నెల ఇరవై ఎనిమిది సాయంత్రానికి ఈల లేని రికార్డింగు తెచ్చావా సరి. లేదంటే ఇక నుంచి అన్నీ దీంతోనే" అని తన ఫోను నొక్కి వినిపించాడు. యంత్రం గొంతు, ఆడదే. వీరరాఘవమ్మ అనమంటే వీర ఒక వీధిలో, రాఘవమ్మ ఒక వీధిలో పడ్డాయి. అయినా వాడికి అది ముద్దొస్తోంది, ఎందుకంటే అది ఎదురు మాట్లాడదు.

నేను టెన్త్ రెండుసార్లు రాసి రెండుసార్లూ లెక్కల్ని గెలిపించిన దాన్నే, ఒప్పుకుంటా. కానీ ఒక యంత్రం వచ్చి నా కుర్చీలో కూర్చుంటానంటే లేచి చోటిచ్చే దాన్ని కాదు. అందుకే నీకు రాస్తున్నాను. చప్పుడు చెయ్యని ఫ్యాను ఏదో చూసి పంపు. ఈలోపు నేను ఊరికే కూర్చోలేదు. అయిదు కిలోల దూది పెట్టి ఆ డబ్బాకి బొంత కుట్టి, మెడ దాకా కప్పాను.

నోరు కట్టేసినా చెయ్యి ఆడుతున్న నీ ఆడబిడ్డ,
నాగవల్లి


విజయపురి సౌత్
6 ఏప్రిల్ 2025

వదినకి,

నీ ఉత్తరం ఖాసిం అన్న తెచ్చిచ్చాడు. "అమ్మా, ఇందులో ఏముందో గానీ సంచీలో పెడితే సంచీ వేడెక్కింది" అన్నాడు. మీ తమ్ముడు డ్యామ్ ఆఫీసు నుంచి రాగానే చదివి, నలభై రోజులా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత ఈలలేస్తూ స్నానానికి వెళ్లాడు.

ముందు ఆ బొంత తియ్యి. ఈ ఉత్తరం కింద పెట్టి, లేచి వెళ్లి తీసేసి, వచ్చి మిగతాది చదువు.

తీశావా? ప్రాసెసర్ అంటే ఆ డబ్బాకి మెదడు. పనిచేస్తుంటే వేడెక్కుతుంది. దాని నెత్తిన ఒక అల్యూమినియం దిమ్మ, దాని పైన చిన్న ఫ్యాను ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఫ్యాను వేగం పెంచుకుంటుంది. నువ్వు ఏప్రిల్ నెలలో, పల్నాడు ఎండలో, దానికి బొంత కప్పావు. అది ఈల వెయ్యడం లేదు, మొత్తుకుంటోంది. పైగా బొంతలో దూది నుసి ఆ దిమ్మ సందుల్లోకి పోయి ఉంటుంది, బ్రష్‌తో తియ్యి.

రెండోది. డబ్బాతో వచ్చిన ఫ్యానుకి రెక్కలు పొట్టివి. గాలి చాలాలంటే నిమిషానికి మూడు వేలసార్లు తిరగాలి. పెద్ద రెక్కల ఫ్యాను అందులో నాలుగో వంతు తిరిగినా అంతే గాలి ఇస్తుంది, తిరిగినట్టు కూడా తెలియదు. కాబట్టి మనకి కావలసింది నిలువుగా నిలబడే కూలర్. రాగి గొట్టాలు, వాటికి పలచటి రేకులు, పక్కన అరచెయ్యంత ఫ్యాను. కానీ అది ఎత్తు ఉంటుంది, డబ్బా తలుపు పడుతుందో లేదో చూడాలి. తలుపు తీసి, లోపలి బోర్డు నుంచి తలుపు ఉండే చోటు దాకా ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాయి.

ఇంకొక మాట. మా పెళ్లినాడు మీ ఇంటి గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, మొగుడి పేరు చెబితే గానీ లోపలికి రానివ్వనన్నావు. అది ఆడబిడ్డ ముచ్చట, కాదనను. కానీ కొంగులో మైకు దాచి, "ఫణి" అని నేను గొణిగింది ఊరంతా వినిపించావు. పన్నెండేళ్లయింది. మీ ఊరొచ్చి బజారుకి వెళితే ఇప్పటికీ "ఫణి గారి భార్య" అనరు, "మైకు కోడలు" అంటారు. మరి నువ్వు? మీ ఆయనకి, అదే అన్నయ్యకి, అక్కచెల్లెళ్లు లేరు కాబట్టి నిన్ను గడప దగ్గర ఆపిన వాళ్లు లేరు. పాతికేళ్లుగా ఆయన పేరు నీ నోట పలకలేదు. రేషన్ కార్డు వాళ్లు అడిగినా వేలు చూపించావట.

ఊరికే గుర్తొచ్చి రాశాను.

ధరణి


బరంపేట
8 ఏప్రిల్

మైకు కోడలికి,

ఎంత జ్ఞాపకమే నీకు! నాకు అంత జ్ఞాపకం ఉంటే టెన్త్ పాసయ్యేదాన్ని.

నీ ఎత్తు నాకు తెలియదనుకోకు. పన్నెండేళ్లు కడుపులో పెట్టుకున్న దానివి నా మంచి కోరి బొంత తియ్యమంటావా? గోడ అవతల మరమగ్గం ఆడుతుంటే బొంత అడ్డం కడతారు, శబ్దం ఆగుతుంది. అది మా అమ్మమ్మకి కూడా తెలుసు. తియ్యమంటే ఎందుకు తియ్యమంటున్నట్టు? చప్పుడు ఇంకా పెరిగి, త్రికోటు నన్ను వెళ్లగొడితే చూసి నవ్వడానికి. బొంత తియ్యలేదు. పైన ఇంకో దుప్పటి వేశాను.

కొలత అడిగావు కదా. ఒక జానకి మూడు వేళ్లు తక్కువ. అంతకంటే సెంటీమీటర్లు నా దగ్గర లేవు. మీ అన్నయ్య ఆటోలో టేపు ఉంది కానీ, అది మొదటి అయిదంగుళాలు చిరిగిపోయి ఆరుతో మొదలవుతుంది.

ఇక సైజు సంగతి. అన్నిటికంటే పెద్దది పంపు. ఫోనులో బొమ్మ చూశాను, రెండు గోపురాలు, రెండు ఫ్యాన్లు, మధ్యలో రాగి గొట్టాలు మిరప మొక్కల్లా లేచి ఉన్నాయి. అదే కావాలి. త్రికోటు వచ్చి చూస్తే గుండె ఝల్లుమనాలి. చిన్నవాటి మీద నాకు నమ్మకం లేదు. నువ్వే రాశావుగా, పొట్టివే ఎక్కువ అరుస్తాయని. త్రికోటుని చూశాక ఆ ఒక్క మాట మాత్రం నమ్మాను.

నిన్న వాడు ఆటో దగ్గరికొచ్చి మీ అన్నయ్యతో, "ఇంట్లో ప్రశాంతంగా ఉందంటగా, అదృష్టవంతుడివయ్యా" అన్నాడట. ఈయన నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి ఆ ముక్క నాకు చెప్పాడు. చెప్పకూడదని తెలియదు పాపం. ఆ రోజు నా పావుగంటలో పన్నెండు నిమిషాలు ఈయనకే అయిపోయాయి.

ఇట్లు,
ఎవరి మాటా వినని,
నాగవల్లి


విజయపురి సౌత్
11 ఏప్రిల్

వదినా,

ఎవరి జాన? నీదా, అన్నయ్యదా? మూడు వేళ్లు నిలువునా, అడ్డమా? మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే తలుపు పట్టదు. అప్పుడు నువ్వు తలుపుకి చిల్లి కొడతావు. నాకు తెలుసు, కొడతావు.

రెండు గోపురాలది వద్దు. అది ఆటల పిచ్చోళ్లకి, రాత్రింబగళ్లు ప్రాసెసర్‌ని మండించే వాళ్లకి. నీది మాటలు రికార్డు చేసే కంప్యూటర్. దానికి ఒక గోపురం, ఒక పెద్ద ఫ్యాను చాలు. పెద్దదైతే మెమరీ ముక్కల మీద కూర్చుంటుంది, బోర్డు మీద బరువు వేలాడుతుంది. మరీ పొట్టిగా పడుకునే రకం కూడా ఉంది, అది ఇరుకు డబ్బాలకి, చప్పుడు కొంచెం ఎక్కువ. మధ్యది మనకి సరి. త్రికోటేశ్వరరావు చెవికి వినపడాలా, కంటికి కనపడాలా, నువ్వే తేల్చుకో.

కొలతకి ఒక ఉపాయం చెబుతాను. చీపురుపుల్ల ఒకటి తీసుకో. ప్రాసెసర్ పక్కన ఖాళీ బోర్డు మీద కొస ఆనించి, తలుపు అంచు దగ్గర విరిచెయ్యి. ఆ పుల్లనే కవరులో పెట్టి పంపు. కొలవడం నేను చూసుకుంటా.

ఇది నీ మీద కక్షతో చేస్తున్నాననుకుంటే అనుకో. ఈ కొట్టు పెట్టిన రోజున బస్టాండులో ఎంతమంది నవ్వారో నీకు తెలియదు. "ఆడమనిషి స్క్రూడ్రైవర్ పడితే కరెంటే భయపడి పోద్ది" అన్నాడొకడు. వాడి లాప్‌టాప్ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. పనిలో నేను ఎకసెక్కేలాడను. పని అయ్యాక మాత్రం నీ దగ్గర నాకో మాట కావాలి. ఏ మాటో అప్పుడు అడుగుతాను.

ధరణి


బరంపేట
13 ఏప్రిల్

ధరణీ,

పుల్ల ఇందులో ఉంది. ఖాసిం తడిమి చూసి, "అక్కా, ఇంత దూరం చీపురుపుల్ల పంపుతున్నారంటే మంత్రమా ఏంది?" అని అడిగాడు. అవునని తల ఊపాను. పాపం, దాన్ని జేబులో పెట్టుకోకుండా డ్రైవరు పక్కన పెట్టించాడు.

అబద్ధమాడను. మొదట వేరే పుల్ల పెట్టాను. మూరెడుది. నువ్వు చూసి బెంబేలెత్తుతావని. అంటించాక మళ్లీ కవరు చింపి అసలుది పెట్టాను. ఎందుకో తెలుసా? నిన్న త్రికోటు రెండు ఆటోలకి యంత్రం గొంతు పెట్టి తిప్పాడు. కోల్డ్ స్టోరేజీ ప్రకటన. మా వీధిలోనే, నా గడప ముందే. నేను బయటికొచ్చి నిలబడ్డాను, నోరు తెరవడానికి లేదు. అది చెప్పుకుంటూ పోయింది. దమ్ము తీసుకోదు, తడబడదు, గొంతు ఎండదు. పక్కింటావిడ "నీ గొంతు బాగుపడిందే వల్లీ" అంది.

ఆ మాట ఇంకా దిగలేదు నాకు.

ఏ మాట కావాలో ఇప్పుడే అడుగు, దాచుకోకు. దాచుకున్న మాటలు బొడిపెలవుతాయి, డాక్టరు చెప్పాడు.

నాగవల్లి

బొంత తీశాను. నువ్వు చెప్పావని కాదు, ఉక్కపోసి డబ్బా వాసనొస్తోందని. ఈల కొంచెం తగ్గింది. ఒప్పుకోవడం లేదు, చెబుతున్నానంతే.


విజయపురి సౌత్
17 ఏప్రిల్

వదినా,

పుల్ల పదహారు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు. తెప్పించిన కూలర్ ఎత్తు పదిహేనున్నర. ఏడు మిల్లీమీటర్లు ఖాళీ, తలుపు హాయిగా పడుతుంది. హైదరాబాదు నుంచి నిన్ననే వచ్చింది. ఖాసిం అన్న ఒళ్లో పెట్టుకుని తెస్తానన్నాడు. పుల్ల పని చేసిందని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

నేనే వచ్చి బిగించాలి కానీ మీ తమ్ముడికి జ్వరం, కొట్టు మూసే వీలు లేదు. నువ్వే బిగించు. నీ చేతులు నమ్మదగినవే, నోరు కట్టేసి ఉంది కాబట్టి ధ్యాస కూడా ఉంటుంది. తొందరపడకుండా ఇట్లా చెయ్యి.

కంప్యూటర్ పది నిమిషాలు నడిపి ఆపు, ప్లగ్గు పీకు. వేడి మీద ఉండగానే పాత దిమ్మ కొక్కేలు వదులు చేసి, అటూ ఇటూ మెలితిప్పి అప్పుడు లేపు. చల్లారాక గుంజితే ప్రాసెసర్ కూడా దాంతో ఊడొస్తుంది. ప్రాసెసర్ మీద పాత పేస్టుని మెత్తటి గుడ్డతో తుడువు. కొత్త పేస్టు ట్యూబు పంపాను, పెసరగింజంత పెట్టు చాలు, మిగిలింది పారెయ్యకు. కొత్త కూలర్ అడుగున రాగి మీద పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని ఒలిచి పారెయ్యి. ఆ తర్వాత పైన పెట్టి, పాత కొక్కేలకే రెండు వైపులా సమంగా బిగించు. ఫ్యాను వైరు, పాతది పీకిన చోటే పెట్టు.

పొర సంగతి మర్చిపోతావని దాని మీద పెన్నుతో కూడా రాశాను.

జాగ్రత్త. మాట్లాడకు.
ధరణి


బరంపేట
20 ఏప్రిల్

ఓసి ధరణీ,

అంతా నువ్వు అనుకున్నట్టే జరిగింది, ఆనందించు.

కూలర్ బాగుంది, కాదనను. పెట్టెలోంచి తియ్యగానే మీ అన్నయ్య "దీన్ని షోకేసులో పెట్టొచ్చు" అన్నాడు. ఈయన టార్చి పట్టుకున్నాడు, నేను బిగించాను. వేడి మీద మెలితిప్పాను, తుడిచాను, పెసరగింజ పెట్టాను. తలుపు కూడా పట్టింది. మీట నొక్కాను. అయిదు నిమిషాలు బానే ఉంది. ఆరో నిమిషం నుంచి పిండిమర! పాతది ఈలే వేసేది, ఇది గదంతా గుర్రుమంటోంది. పైగా వస్త్రాలయం ప్రకటన సగంలో ఉండగా కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆరింది. మూడు రోజుల పావుగంటలు బూడిదలో పోశాను. నాలుగోసారి కోపమొచ్చి అరిచాను కూడా. ఇవాళ గొంతులోంచి గాలి తప్ప ఏం రావడం లేదు.

పొర మీద "దీన్ని ఒలిచెయ్యి వదినా" అని నీ ముత్యాల అక్షరాలు చూడగానే నాకు అర్థమైంది. నేను ఈ విద్యలో నీ కంటే పాతదాన్ని. నీ సీమంతానికి మిఠాయి పెట్టె మీద "ముందు అడుగున విప్పు" అని రాసి పంపింది ఎవరే? అడుగు విప్పితే నీ ఒళ్లో రెండు కిలోల మరమరాలు పడ్డాయి గుర్తుందా? అదే పాఠం నాకు అప్పజెబుతావా? నేను ఒలవలేదు. అసలు మా ఇంట్లో కొత్త వస్తువుకి కవరు తియ్యడం ఎప్పుడు చూశావు? టీవీ రిమోటు తొమ్మిదేళ్లుగా కవర్లోనే ఉంది. ఫ్రిజ్ తలుపుకి ఇప్పటికీ పొర ఉంది. మీ అన్నయ్య ఆటో సీటు మీద కవరు చిరిగితే దాని మీద ఇంకో కవరు వేశాడు. మెరిసే రాగిని గీతలు పడేట్టు బోడిగా పెట్టమంటావా?

ఇరవై ఎనిమిదికి ఎనిమిది రోజులుంది. త్రికోటు ఇవాళ ఫోను చేసి, "ఎందుకమ్మా కష్టం, పంతొమ్మిదేళ్లు చేశావు, విశ్రాంతి తీసుకో" అన్నాడు. బదులు చెప్పలేక ఫోను పెట్టేశాను. నేను మధ్యలో ఫోను పెట్టెయ్యడం నా జన్మలో ఇదే మొదలు.

నువ్వు గెలిచావు. కానీ నేను ఓడిపోలేదు. గొంతు లేకపోతే పళ్లెం మీద గరిటెతో కొట్టయినా ఆ ప్రకటన చెబుతాను, యంత్రానికి మాత్రం ఇవ్వను.

నాగవల్లి


విజయపురి సౌత్
22 ఏప్రిల్

వదినా,

మిఠాయి పెట్టె గుర్తుంది. మరమరాలు ఇప్పటికీ మంచం కింద దొరుకుతున్నాయి.

కానీ ఇది పని. పనిలో ఎకసెక్కేలాడనని రాశాను. నా మాట మీద నీకు నమ్మకం లేకపోతే ఆ మూరెడు పుల్ల పంపాల్సింది. అసలుది పంపావు కదా. ఆ రోజు నమ్మినట్టే ఇవాళ కూడా ఒక్కసారి నమ్ము.

ప్రాసెసర్ వేడి రాగిలోకి పోవాలి. మధ్యలో ప్లాస్టిక్ ఉంటే పోదు. కూలర్ చల్లగా ఉంటుంది, కింద ప్రాసెసర్ ఉడుకుతుంది. ఉడికితే ఫ్యాను గోల పెడుతుంది. అప్పటికీ తగ్గకపోతే కంప్యూటర్ తనని తాను ఆర్పేసుకుంటుంది. నువ్వు కప్పిన రెండో బొంత అది.

విప్పు. పొర ఒలువు. తుడువు. మిగిలిన పేస్టు పెసరగింజంత పెట్టు. బిగించు. మూడు రోజులు ఒక్క మాట మాట్లాడకు. నాలుగో రోజు రికార్డు చెయ్యి.

ధరణి


బరంపేట
26 ఏప్రిల్

ధరణీ,

ఒలిచాను. ఒలుస్తుంటే మీ అన్నయ్య చూడలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బిగించి మీట నొక్కాను. లైటు వెలిగింది, చప్పుడు లేదు. ఫ్యాను తిరగడం లేదనుకుని ప్లగ్గు పీకబోయాను. ఈయన ఆపి, కోడి ఈక ఒకటి తెచ్చి రేకుల వెనక పట్టుకున్నాడు. ఈక ఊగింది. పావుగంట చూశాం, గంట చూశాం. ఈక ఊగుతూనే ఉంది. గదిలో ఏం వినపడిందో తెలుసా? గోడ గడియారం. అది ఆగిపోయిందనుకున్నాం ఏడాదిగా, టైము తప్పు చూపిస్తుందని. తప్పు చూపిస్తూనే నడుస్తోంది.

నువ్వు చెప్పినట్టు మూడు రోజులు నోరు తెరవలేదు. ఇవాళ పొద్దున కూర్చున్నాను. అరవలేదు, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు చెప్పాను. ఒక్క దెబ్బకే వచ్చింది. హెడ్‌ఫోన్లో వింటే నా దమ్ము నాకే వినపడింది. పంతొమ్మిదేళ్లలో నా గొంతు ఇట్లా ఉంటుందని నాకే తెలియదే.

పట్టుకుని త్రికోటు దగ్గరికి పోయాను. రెండుసార్లు విన్నాడు. తల ఎత్తి ఏమన్నాడో విను. "ఇది నీదా, నా యంత్రానిదా? తేడా తెలియడం లేదే. ఇంత శుభ్రంగా ఉంటే జనం ఎట్టాగూ యంత్రమే అనుకుంటారు. మరి నీ దాకా రావడమెందుకు?"

ఈల ఉంటే ఈల ఉందన్నాడు. తీసేస్తే మనిషి లేదంటున్నాడు. ఇవాళ్టి పావుగంట అప్పటికే అయిపోయింది, లేకపోతే వాడి ఆఫీసు పైకప్పు లేచిపోయేది. వాడి బల్ల మీద కాగితం లాక్కుని, "ఇరవై ఎనిమిది సాయంత్రం కదా గడువు, అప్పుడే వస్తా" అని రాసి మొహాన పెట్టి వచ్చాను.

వచ్చాను కానీ, ఏం చెయ్యాలో తెలియడం లేదు. దగ్గి చూపించనా? ఆవలించనా? చెప్పవే.

కూలర్ మంచిది. నువ్వూ మంచిదానివే. రెండోది ఎవరికీ చెప్పకు.

నాగవల్లి


విజయపురి సౌత్
27 ఏప్రిల్, పొద్దున బస్సుకి

వదినా,

ఒక మాట కావాలన్నాను కదా, ఇప్పుడు అడుగుతున్నాను.

అన్నయ్య పేరు చెప్పు. మైకులో.

యంత్రానికి ఎన్ని లక్షల మాటలు నేర్పినా ఆ ఒక్క మాట దగ్గర దానికి సిగ్గు రాదు.

గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. చెప్పి లోపలికి రా.

ధరణి


బరంపేట
1 మే 2025

నా తల్లీ ధరణీ,

నిన్ను కోడలిగా తెచ్చుకున్న రోజున మా అమ్మ "ఇది నీకు సరైన మొగుడే" అంది నాతో. అప్పుడు నవ్వాను.

నీ చీటీ చదివి ఒక పూటంతా కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు ఉన్నా బాగుండేది, దాని చాటున చెప్పేసేదాన్ని. ఏ చప్పుడూ లేని గదిలో ఆ పేరు పలకడం ఎంత కష్టమో నీకు తెలుసే, నువ్వు మైకు ముందు పలికావు. పదకొండుసార్లు చెప్పి పదిసార్లు తుడిచేశాను. ఆ రోజు పావుగంట మొత్తం దానికే సరిపోయింది.

ఇరవై ఎనిమిది సాయంత్రం త్రికోటు విని ఎగిరాడు. "బట్టల షాపు ప్రకటనలో నీ సంసారం ఏందమ్మా!" అని. వస్త్రాలయం ఓనరు రాజశేఖర్ అక్కడే ఉన్నాడు, మళ్లీ వెయ్యమన్నాడు. మూడోసారి కూడా వెయ్యమన్నాడు. "త్రికోటూ, ఇదే తిప్పు. ఒక్క ముక్క కోసినా నా షాపు పని నీకు లేదు" అన్నాడు. నేను ఈసారి వెంట తీసుకెళ్లిన పలక మీద ఒక మాట రాసి త్రికోటుకి చూపించాను. అది ఉత్తరంలో రాయదగింది కాదు.

మీ అన్నయ్యకి చెప్పలేదు. పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపాను అంతే. నిన్న పొద్దున మల్లమ్మ సెంటర్లో మొదటిసారి మోగింది. చీరలన్నీ అయ్యాయి, పట్టు అయింది, రండి రండి అయింది. చివర్లో నా గొంతు మెల్లిగా ఇట్లా అంటుంది: "ఈ ఆటో నడిపేది మా ఆయన, ఆంజనేయులు. చెప్పేది నాగవల్లి. మనిషినే, యంత్రాన్ని కాదు. అనుమానమున్నోళ్లు బరంపేటొచ్చి తిట్టించుకుని పోవచ్చు."

ఆటో నడిరోడ్డు మీద ఆగిపోయిందట. ముందు బస్సు, వెనక మిరపకాయల లారీ, అన్నీ హారన్లు. ఆ బస్సు ఖాసిందే, వాడే చెప్పాడు. "అక్కా, అన్న స్టీరింగు వదిలేసి స్పీకరు వైపు చూస్తూ కూర్చున్నాడు. దిగి భుజం తడితే, మళ్లీ మొదట్నుంచి పెట్టాడు."

ఆ రోజు వేరే వీధులు తిరగలేదు మహానుభావుడు. మల్లమ్మ సెంటర్ చుట్టూనే పదిహేడుసార్లు తిరిగాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అటు తిరిగి, "ఇంకోసారి అను" అన్నాడు. నా పావుగంట అప్పటికే అయిపోయింది. నిజంగానే అయిపోయింది, ఇద్దరు పిల్లగాళ్లు తిట్టించుకోవడానికి వస్తే వాళ్లకి ఖర్చుపెట్టాను. రేపు అని పలక మీద రాసి చూపించాను. సరేనని తల ఊపాడు, పెళ్లిచూపుల్లో ఊపినట్టు.

త్రికోటు వచ్చే నెల నాలుగు ప్రకటనలు ఒప్పుకున్నాడు. యంత్రాన్ని మాత్రం మానలేదు. ఉండనీ, అదీ బతకాలి కదా. ఎదురెదురుగా వచ్చినప్పుడు చూసుకుందాం.

ఇవాళ పొద్దున లేచాను. ఫ్యాను తిరుగుతోంది, దాని వెనక కట్టిన ఈక ఊగుతోంది, ఇల్లంతా నిశ్శబ్దం. నా పావుగంటలో మొదటి మాట ఖర్చుపెట్టాను.

"ఆంజనేయులూ" అన్నాను.

టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏందే" అన్నాడు.

"ఏం లేదు. ఆ రిమోటు కవరు తీసెయ్" అన్నాను.

గడప దాటి లోపలికొచ్చిన,
నాగవల్లి